డీసీసీ ఇంజనుకు గొంతు – 4వ పాఠం: స్పీకరు వెనక గాలిని మూసెయ్యాలి

మూడో పాఠం పూర్తయ్యేసరికి డీసీసీతో (పట్టా మీదుగా వచ్చే డిజిటల్ ఆదేశాలతో) నడిచే మీ హెచ్‌వో (అసలులో 87వ వంతు) మోడల్ రైలింజనులో సౌండ్ డీకోడరు (ఆ ఆదేశాలు అందుకుని శబ్దాలు పలికించే బుల్లి బోర్డు) కూర్చుంది, అడ్రసు (ఇంజను నంబరు) పడింది, లైట్లు వెలుగుతున్నాయి. సౌండు బటను నొక్కితే చప్పుడు కూడా వస్తోంది. కానీ పలచగా, కీచుగా వస్తోంది. ఇక్కడే చాలామంది వాల్యూము పెంచుతారు, లేదా ఇంకా ఖరీదైన డీకోడరు కోసం చూస్తారు. రెండూ అక్కర్లేదు. తప్పు డీకోడరుది కాదు, స్పీకరు వెనక వైపు తెరిచి ఉండడానిది.

స్పీకరు పొర ముందుకి కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ అంచు చుట్టూ తిరిగొచ్చి కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. కింది స్వరాలు మొదట పోతాయి, మిగిలేది కీచు. వెనక గాలిని ఒక డబ్బాలో బంధించేస్తే ఆ అల ముందుకి రాలేదు. డబ్బా చేసే పని ఇంతే.

మన జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకి ఇక్కడొక పొరపాటు సులువుగా పడుతుంది. డబ్బా అనగానే బొబ్బిలి వీణ గుర్తొస్తుంది. వీణ పనస చెక్క కుండ మోగుతుంది కాబట్టి స్పీకరు డబ్బా కూడా సన్నగా ఉండి మోగాలనుకుంటారు. ఇది దానికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. వీణలో తీగ కదలికని చెక్కే గాలికి అందించాలి, అందుకే అది అదరాలి. ఇక్కడ గాలిని కదిపేది స్పీకరు పొర. గోడలు అదిరితే ఆ అదురు శబ్దంలో కలిసి బురబురమంటుంది. గోడ గట్టిగా ఉండాలి, అతుకులో సూది మొనంత సందు కూడా ఉండకూడదు.

నమ్మకం కుదరకపోతే ఇంజను ఐడిల్లో (కదలకుండా నిలబడి చప్పుడు చేస్తూ) ఉండగా విడి స్పీకరుని వేళ్లతో అంచు పట్టుకుని, దాని కొలతకి దగ్గరగా ఉన్న చిన్న ప్లాస్టిక్ మూత మీద పొర పైకి ఉండేలా కూర్చోబెట్టి, చుట్టూ పిల్లలు ఆడుకునే బంకమట్టి అద్దండి. తేడా అప్పటికప్పుడే వినిపిస్తుంది.

ఏ స్పీకరు?

హెచ్‌వోకి 11×15 మి.మీ. షుగర్‌క్యూబు రకం (పంచదార బిళ్లంత బుల్లి స్పీకరు) తీసుకోండి. ముందు ఓములు (స్పీకరు నిరోధం) చూడాలి. ఇప్పటి డీకోడర్లలో లోక్‌సౌండ్ 5కి, సునామీ2కి 8 ఓముల స్పీకరు సరిపోతుంది. పాత లోక్‌సౌండ్ 3.5 మాత్రం 100 ఓముల స్పీకరు కోసం చేసినది. దానికి 8 ఓములది తగిలిస్తే ఆంప్లిఫయరు కాలిపోతుంది. సెకండ్‌హ్యాండులో ఇంజను కొన్నవాళ్లు డీకోడరు మీది పేరు చదవకుండా స్పీకరు మార్చకండి.

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా సెల్‌ఫోన్ రిపేరు షాపులో పాత ఫోన్ల లౌడ్‌స్పీకర్లు దొరుకుతాయి. కొన్నిటికి డబ్బా కూడా కలిసే ఉంటుంది, అవి చాలా బాగా పనికొస్తాయి. ఇయర్‌పీసు మాత్రం తెచ్చుకోకండి. కొనేముందు మల్టీమీటరు పెట్టి చూడండి: 8 ఓముల స్పీకరు మీటరు మీద 7 చుట్టుపక్కల చూపిస్తుంది, అది మామూలే. అంకె ఏమీ రాకపోతే లోపలి కాయిలు తెగింది.

రెండు స్పీకర్లు పెట్టాలనుంటే రెండు 4 ఓములవి సిరీస్‌లో కలపండి, మొత్తం 8 అవుతుంది. అప్పుడు రెండు పొరలూ ఒకేసారి ముందుకి కదలాలి. ప్లస్ గుర్తు లేకపోతే 1.5 వోల్టుల సెల్లుని ఒక్క క్షణం తాకించి, పొర పైకి లేచినప్పుడు సెల్లు ప్లస్ ఏ కాలికి తగిలిందో అక్కడ చుక్క పెట్టుకోండి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ కదిలితే ఒక్క స్పీకరు కంటే తక్కువ వినిపిస్తుంది. ఒకే స్పీకరైతే వైర్లు ఎటు తగిలించినా పరవాలేదు.

డబ్బా కట్టడం

1 మి.మీ. మందం స్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) షీటు కావాలి. అడుగుకి 11×15 ముక్క ఒకటి, పొడుగు గోడలకి 15×8 రెండు, పొట్టి గోడలకి 9×8 రెండు. పొట్టివి పొడుగువాటి మధ్య ఇమిడితే బయటి కొలత 11×15 వస్తుంది, లోపల 9×13×8, అంటే ఒక క్యూబిక్ సెంటీమీటరుకి కాస్త తక్కువ గాలి. ఇంజనులో చోటుంటే లోతు 12 చెయ్యండి. లోపల గాలి ఎంత తక్కువైతే అది అంత బిగువైన స్ప్రింగులా పొరని ఆపుతుంది, కింది స్వరాలు అంత తగ్గుతాయి.

గోడలు అతకడానికి స్టైరీన్ సిమెంటు వాడండి. ఆరాక డబ్బాలో నీళ్లు నింపి టిష్యూ కాగితం మీద పది నిమిషాలు ఉంచండి. కాగితం తడిస్తే ఆ మూల కారుతోందన్నమాట, మళ్లీ సిమెంటు రాయాలి. తర్వాత పూర్తిగా ఆరబెట్టి, పొట్టి గోడకి 1 మి.మీ. రంధ్రం చేసి వైర్లు దూర్చండి.

స్పీకరు కాళ్లకి టంకం వేసేటప్పుడు 25 వాట్ల ఐరను, సన్న మొన, రెండు సెకన్లకి మించి తాకించకండి. వేడెక్కితే కాళ్లు ప్లాస్టిక్‌లో వదులై లోపలి సన్న తీగ తెగుతుంది. ఆకురాయి పట్టే బల్ల మీద ఈ పని అసలు పెట్టుకోకండి. స్పీకరు అయస్కాంతం ఇనుప రజనుని లాగేసుకుంటుంది, ఒక్క రేణువు కాయిలు సందులో పడినా గరగర మొదలవుతుంది, ఇక పోదు. పని అయ్యేవరకు పొర మీద కాగితం టేపు అంటించి ఉంచండి, పీకేటప్పుడు అంచు నుంచి నెమ్మదిగా.

స్పీకరుని డబ్బా అంచు మీద కూర్చోబెట్టి చుట్టూ ఫెవికాల్ సన్నగా రెండుసార్లు పూయండి, వైరు రంధ్రం కూడా దాంతోనే మూయండి. ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరి పొర మీద పేరుకుని దాన్ని బిరుసు చేస్తుంది. వెనిగరు వాసన వచ్చే సిలికానూ వద్దు, రాగి కాళ్లు తుప్పు పడతాయి. వానాకాలంలో మన తీరం తేమకి ఫెవికాల్ తొందరగా ఆరదు, ఒక రాత్రంతా వదిలెయ్యండి.

ఇంజనులో ఎక్కడ?

డబ్ల్యూడీఎం-2 (ఆల్కో డీజిలు) మోడలైతే పొడుగు హుడ్డులో (డ్రైవరు క్యాబుని ఆనుకుని ఉండే పొడుగు పెట్టె భాగంలో), రేడియేటరు జాలీ కింద చోటు బాగుంటుంది. పొరకి ఎదురుగా కనీసం 1 మి.మీ. ఖాళీ ఉండాలి, గాలి బయటికి పోవడానికి దారి ఉండాలి. ఆ జాలీ అచ్చులో పోసిన బొమ్మ జాలీ అయితే లోపలి నుంచి 0.8 మి.మీ. డ్రిల్లుతో రంధ్రాలు చెయ్యండి, బయటికి కనిపించదు. డబ్బాకి, బాడీకి మధ్య పలచని స్పాంజి ముక్క పెడితే బాడీ అదరదు.

లోహపు చాసిస్ మీద కాప్టాన్ టేపు (కరెంటు పారనివ్వని టేపు) వేశాకే స్పీకరు పెట్టండి. డీకోడరు నుంచి వచ్చే రెండు స్పీకరు వైర్లలో ఏదీ గ్రౌండు కాదు. ఏ ఒక్కటి చాసిస్‌కి గానీ పట్టా నుంచి కరెంటు తీసుకునే పికప్‌కి గానీ తగిలినా ఆంప్లిఫయరు పోతుంది. లోక్‌సౌండులో ఆ వైర్లు గోధుమ రంగువి.

నౌపడ–గుణుపూరు పాత చిన్న లైను ఇంజను కడుతున్నవాళ్లకి ఒక మాట. 762 మి.మీ. గేజి 87వ వంతుకి 8.76 వస్తుంది, కాబట్టి 9 మి.మీ. పట్టా మీద నడుస్తుంది. ఆ ఇంజనులో చోటు కోసం వెతుక్కోకండి. డీకోడరు, స్పీకరు రెండూ వెనక బోగీలో పెట్టి సన్న ప్లగ్గుతో కలపండి.

వాల్యూము

డబ్బా బిగించాక మాస్టర్ వాల్యూము సగానికి దించి మొదలుపెట్టండి. డీకోడరులో ఒక్కో సెట్టింగుకి ఉండే నంబరుని సీవీ అంటారు. మాస్టర్ వాల్యూముది లోక్‌సౌండ్ 5లో సీవీ 63 (గరిష్ఠం 192), జిమో డీకోడర్లలో సీవీ 266, సునామీ2లో సీవీ 128. ప్రోగ్రామింగ్ ట్రాకు (సెట్టింగులు రాసే విడి పట్టా) మీద కాకుండా మెయిన్ ట్రాకు మీదే మారిస్తే తేడా వింటూ సరిచేసుకోవచ్చు.

విజయనగరం జంక్షన్లో ఆల్కో డీజిలు ఐడిల్లో నిలబడితే ఆ అదురు కాళ్లకి తెలిసేది. అది బుల్లి స్పీకరులో రాదు, ఎందుకో లెక్క చూడండి. 16 సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజను, ఐడిల్లో నిమిషానికి 400 చుట్లు. ప్రతి చుట్టుకీ 8 సిలిండర్లు పేలతాయి. సెకనుకి 53 దెబ్బలు, అంటే 53 హెర్ట్జ్. షుగర్‌క్యూబు స్పీకరు కొన్ని వందల హెర్ట్జ్‌కి దిగువన దాదాపు మూగే. అయినా 53కి గుణిజాలైన పై స్వరాలు శుభ్రంగా వినిపిస్తే అసలు స్వరాన్ని చెవి తనే కల్పించుకుంటుంది. అందుకే శుభ్రత ముఖ్యం, గట్టితనం కాదు. వాల్యూము మితిమీరితే పొర తన హద్దుకి తగులుకుంటుంది, పై స్వరాలు కూడా చెడిపోతాయి, చెవికి ఏ ఆధారమూ మిగలదు.

ముందుగా పగిలేది హారను. దానికోసం మాస్టర్ దించితే ఇంజను చప్పుడు కూడా పోతుంది. హారను ఒక్కదాన్నే తగ్గించండి. లోక్‌సౌండ్ 5లో సీవీ 31ని 16, సీవీ 32ని 1 చేసి, మొదటి స్లాటుకి (స్లాటంటే ఒక్కో శబ్దం ఉండే గడి) సీవీ 259, రెండోదానికి 267, మూడోదానికి 275, ఇలా ఎనిమిదేసి పెంచుకుంటూ వెళ్లాలి. హారను ఏ స్లాటులో ఉందో మీ సౌండ్ ప్రాజెక్టు కాగితంలో రాసి ఉంటుంది.

ఇంజను కదిలినప్పుడే శబ్దం తెగి తెగి వస్తుంటే స్పీకరుని అనుమానించకండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో పట్టా మీద, చక్రాల మీద నల్లటి పొర త్వరగా కడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో రెండూ తుడవండి. అప్పటికీ తెగితే కీప్‌అలైవ్ కెపాసిటరు (కరెంటు తెగిన క్షణంలో డీకోడరుని నడిపించేది) కావాలి, అది ఆరో పాఠంలో.

ఈ వారం అభ్యాసం: 5, 8, 12 మి.మీ. లోతుతో మూడు డబ్బాలు కట్టండి. ఒకే స్పీకరుని బంకమట్టితో మూడింటి మీదా మార్చి మార్చి పెట్టి, వాల్యూము కదపకుండా ఐడిలు, హారను రెండూ వినండి. తర్వాత వాల్యూము పెంచుకుంటూ వెళ్లి, ప్రతి డబ్బాకీ హారను ఏ వాల్యూము దగ్గర పగులుతోందో విడిగా రాసి పెట్టుకోండి. ఐదో పాఠంలో స్లాటు వాల్యూములు సర్దేటప్పుడు ఆ అంకెలే కావాలి.