కారం మిల్లు షాఫ్టుకు ఏ రోలర్ బేరింగ్? లెక్క కట్టే పద్ధతి

బేరింగ్ పోయిందంటే పాతదాన్ని గుడ్డలో చుట్టుకుని ఆటోనగర్ వెళ్లి, "ఇదే నంబరు ఇవ్వండి" అని తెచ్చుకోవడం మామూలే. మొదటిసారి వేసినవాళ్లు తప్పు నంబరు వేసి ఉంటే ఆ తప్పునే మళ్లీ మళ్లీ కొంటున్నట్టు. అరగంట కాగితం మీద లెక్క వేస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

గుంటూరు వైపు మిరపకాయలు ఆడే మిల్లు ఒకటి తీసుకుందాం. 30 కిలోవాట్ల మోటారు, షాఫ్టు నిమిషానికి 960 చుట్లు, పుల్లీ వ్యాసం 300 మిల్లీమీటర్లు, బేరింగ్ దగ్గర షాఫ్టు 50. రెండు బేరింగ్‌ల మధ్య దూరం 500. పుల్లీ తన దగ్గరి బేరింగ్‌కు 150 బయట వేలాడుతోంది.

ముందు టార్క్: 9550 × 30 ÷ 960, అంటే 298 న్యూటన్ మీటర్లు. దాన్ని పుల్లీ వ్యాసార్ధం 0.15తో భాగిస్తే బెల్టు లాగుడు సుమారు 2 కిలోన్యూటన్లు. వి-బెల్టులో వదులు వైపు కూడా బిగువు ఉంటుంది కాబట్టి రెట్టింపు చేసి 4 అనుకోవాలి. పుల్లీ బయటకు ఉన్నందున దగ్గరి బేరింగ్ మీద 4 × 650 ÷ 500 = 5.2 పడుతుంది. అవతలి బేరింగ్ మీద 1.2 మాత్రమే, అదీ ఎదురు దిశలో. మిల్లులో మిరపను కొట్టే సుత్తుల అదురుకు 1.5తో గుణిస్తే పుల్లీ వైపు లోడు 7.8 కిలోన్యూటన్లు. సుత్తులు బిగించి తిరిగే రోటర్ బరువు దీని ముందు చిన్నదే, వదిలేయొచ్చు.

ఇప్పుడు ఆయుష్షు. కేటలాగ్‌లో 'సి' అని ఇచ్చే డైనమిక్ లోడ్ రేటింగ్‌ను లోడుతో భాగించి, 10/3 ఘాతానికి పెంచితే మిలియన్ చుట్లలో ఆయుష్షు వస్తుంది. బాల్ బేరింగ్‌కు ఆ ఘాతం 3. 50 షాఫ్టుకు పట్టే సిలిండ్రికల్ రోలర్ బేరింగ్ ఎన్‌యూ 210కి సి విలువ 64 కిలోన్యూటన్లు అనుకుంటే (కంపెనీని, రకాన్ని బట్టి మారుతుంది, మీ కేటలాగ్ అంకె వేసుకోండి) 64 ÷ 7.8 = 8.2. ఘాతానికి పెంచితే 1,112 మిలియన్ చుట్లు, అంటే సుమారు 19,300 గంటలు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 200 రోజులు ఆడే మిల్లుకు ఎనిమిదేళ్లు. ఇది నూటికి తొంభై బేరింగ్‌లు దాటే ఆయుష్షు. మిగతా పది ముందే పోవచ్చు.

ఇక్కడే ఒక సంగతి. బెల్టు జారుతోందని ఇంకో 20 శాతం బిగిస్తే ఆ 19,300 కాస్తా 10,500 అవుతుంది. లోడు రెట్టింపైతే ఆయుష్షు పదో వంతే. "బేరింగ్ నాసిరకం" అనే ముందు బెల్టు బిగువు చూడండి.

పెద్దది వేస్తే పోలా అంటారా? అదే 50 షాఫ్టుకు ఎన్‌యూ 310 సరిపోతుంది, సి 110 పైనే. కానీ రోలర్ బేరింగ్ మీద కనీసం సిలో 2 శాతం లోడుండాలి, ఇక్కడ 2.2 కిలోన్యూటన్లు. అవతలి వైపు ఉన్నది 1.2. లోడు చాలకపోతే రోలర్లు దొర్లకుండా జారి రేస్‌ను (అవి దొర్లే దారిని) గీరేస్తాయి. అందుకే ఆ వైపు 6210 బాల్ బేరింగ్ వేయడం నయం. ఎన్‌యూ 210 కొలతలే: లోపలి వ్యాసం 50, బయటిది 90, వెడల్పు 20. హౌసింగ్ మార్చనక్కర్లేదు.

పుల్లీ వైపు ఎన్‌యూ 210, అవతల 6210 అనే ఈ జోడీకి ఇంకో కారణం ఉంది. ఎన్‌యూలో ఇన్నర్‌కు (లోపలి రింగుకు) అంచులుండవు, షాఫ్టు అటూ ఇటూ జరగగలదు. షాఫ్టు, మిల్లు బాడీకన్నా 40 డిగ్రీలు వేడెక్కితే 500 పొడవుకు 0.24 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఎన్‌యూ సర్దుకుంటుంది, షాఫ్టును స్థానంలో నిలిపేది 6210. రెండు చివరలా ఎన్‌యూ వేస్తే షాఫ్టును ఆపేదే ఉండదు. అదే తరహా రోలర్ బేరింగ్‌లలో ఎన్‌జే అయితే ఒక వైపు ఆపుతుంది, ఎన్‌యూపీ రెండు వైపులా.

బేరింగ్‌లు కూర్చునే రెండు బోర్లూ ఒకే సెట్టింగ్‌లో తొలిచినవి కావాలి. ఎన్‌యూ ఓర్చుకునే వంకర సుమారు 4 నిమిషాల కోణం (డిగ్రీలో పదిహేనో వంతు), 500 దూరానికి అర మిల్లీమీటరు పైచిలుకు. వెల్డింగ్ ఫ్రేమ్ మీద విడి బ్లాకులు బిగించిన మిల్లయితే ఇది వద్దు, వంకరను సర్దుకునే స్ఫెరికల్ రోలర్ వేయండి.

షాఫ్టు 50 మీద 9 నుంచి 20 మైక్రాన్లు ఎక్కువుండాలి. ఈ బిగువుకూ, వేడికీ ఎన్‌యూలో సి3 క్లియరెన్స్ (రోలర్లకూ రేస్‌కూ మధ్య మామూలుకన్నా ఎక్కువ సందు) అడగండి: బిగించక ముందు 50 నుంచి 80 మైక్రాన్లు, ఫిల్లర్ గేజ్‌తో చూసుకోవచ్చు. ఇన్నర్‌ను నూనెలో 100 డిగ్రీల దాకా వేడిచేసి ఎక్కించండి, గ్యాస్ మంట వద్దు. అవుటర్‌ను (బయటి రింగును) రోలర్లతో సహా తోసేటప్పుడు షాఫ్టును మెల్లగా తిప్పుతూ తోయాలి. నేరుగా నెడితే ఇన్నర్ మీద రోలర్ల ఎడం ప్రకారం నిలువు గీతలు పడతాయి. కొత్త బేరింగ్ మొదటి రోజే గరగరమంటే ఇప్పి ఆ గీతలకోసం వెతకండి. గ్రీజు ఖాళీలో మూడోవంతు నుంచి సగం చాలు, కూరితే వేడెక్కుతుంది.

ఎన్‌యూకు సొంత సీలుండదు. కారం దుమ్ము లోపలికి పోతే పై గంటల లెక్కంతా వృథా, కాబట్టి బేరింగ్‌కు, గ్రైండింగ్ గదికి మధ్య ఫెల్టు సీలు తప్పనిసరి. రోటర్ సుత్తులకు వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లాంపు రోటర్‌కే పెట్టించండి. బాడీకి పెడితే కరెంటు బేరింగ్ గుండా పోయి రోలర్ల మీద సన్నని గుంటలు పడతాయి.