శ్రీలంక సంక్షోభం: బంకు ముందు క్యూ నుంచి అధ్యక్షుడి రాజీనామా దాకా

ఆర్థికంగా చితికిపోయిన దేశంలో రాజకీయం ఎటు మళ్లుతుందో తెలియాలంటే మన పక్కనే ఉన్న శ్రీలంకను చూడాలి. పైకి కనిపించిన సమస్య ఒకటి, అసలు కారణం ఇంకొకటి.

సమస్య: పెట్రోలు లేదు, గ్యాస్ లేదు, కరెంటు లేదు

2022 మార్చి నెలాఖరుకు రోజుకు 13 గంటల దాకా కరెంటు కోత. కాగితం దిగుమతికి డబ్బుల్లేక పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలే వాయిదా వేశారు. పెట్రోలు ఓడ కొలంబో తీరంలో వారాల తరబడి లంగరు వేసి ఉన్నా, డబ్బు కట్టలేక సరుకు దింపుకోలేకపోయారు.

కారణం: సరుకుకు కొరత లేదు, డాలర్లకే కొరత. 2019 చివర్లో సుమారు 760 కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వల్లో, 2022 మే నాటికి వాడుకోవడానికి 5 కోట్లు కూడా మిగల్లేదు.

పరిష్కారం: ముందు అప్పుల చెల్లింపు ఆపాలి. ఏప్రిల్ 12న ఆ ప్రకటన చేశారు, కానీ చాలా ఆలస్యంగా. అదే ఏడాది జనవరిలో ఒక బాండు (మార్కెట్లో అప్పు తెచ్చేందుకు రాసిచ్చే పత్రం) కింద 50 కోట్ల డాలర్లు కట్టేశారు. మందులు దొరక్క ఆస్పత్రులు అల్లాడబోతున్న దేశం చేయాల్సిన పని కాదది. ఆ తర్వాత భారత్ నుంచి అప్పుగా, ఇతర రూపాల్లో వచ్చిన సుమారు 400 కోట్ల డాలర్ల సాయం ఊపిరి నిలిపింది. క్యూఆర్ కోడ్‌తో పెట్రోలు కోటా పెట్టాక బంకుల దగ్గర క్యూలు తగ్గాయి.

సమస్య: కొత్తగా అప్పు పుట్టడం లేదు

దీనికి కారణం కోవిడ్ అనీ, చైనా అప్పు అనీ చాలామంది అంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. పర్యాటకం కుదేలైంది, ఆ ఆదాయం పోయింది. కానీ విదేశీ అప్పులో పెద్ద వాటా అంతర్జాతీయ బాండ్లది. నా దృష్టిలో అసలు దెబ్బ 2019 డిసెంబరులో పడింది. నవంబరులో గెలిచిన గొటబాయ రాజపక్స, ఎన్నికల హామీ ప్రకారం సరుకులు, సేవల అమ్మకంపై వేసే వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించారు. వ్యాట్ కట్టాల్సిన వ్యాపారాల టర్నోవర్ పరిమితిని ఏడాదికి 1.2 కోట్ల శ్రీలంక రూపాయల నుంచి ఏకంగా 30 కోట్లకు పెంచారు. ఖజానాకు రాబడి పడిపోయింది, అప్పు తీర్చే సత్తాను సూచించే క్రెడిట్ రేటింగ్ దిగజారింది, బాండ్ మార్కెట్ తలుపులు మూసుకుంది. ఓట్ల కోసం ఇచ్చిన రాయితీకి తర్వాత జనమే మూల్యం చెల్లించారు.

పరిష్కారం: రాబడి పెంచడం తప్ప దారి లేదు. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) సుమారు 300 కోట్ల డాలర్ల అప్పు కార్యక్రమాన్ని ఆమోదించింది. 2024 జనవరికి వ్యాట్ 18 శాతమైంది. కరెంటు చార్జీలూ పెరిగాయి. ఈ మరమ్మతు పనిచేసింది, కానీ బరువంతా సామాన్యుల మీదే పడింది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 2019తో పోలిస్తే పేదరికం రెట్టింపైంది.

సమస్య: పంట తగ్గింది

2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే నిషేధించారు. వరి, తేయాకు రెండూ దెబ్బతిన్నాయి. నవంబరుకల్లా వెనక్కి తగ్గినా నష్టం జరిగిపోయింది. 2020లో 20వ రాజ్యాంగ సవరణతో అధికారమంతా అధ్యక్షుడి చేతికి చేరింది, గొటబాయ అన్న మహింద ప్రధాని, తమ్ముడు బాసిల్ 2021 జులై నుంచి ఆర్థిక మంత్రి. వద్దని గట్టిగా చెప్పేవాళ్లు ఎవరున్నారు? 2022 అక్టోబరులో 21వ సవరణతో ఆ అధికారాల్లో కొన్నింటికి కోత పెట్టారు.

సమస్య: ప్రభుత్వం మారినా కోపం చల్లారలేదు

2022 జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి దూసుకెళ్లారు. గొటబాయ దేశం విడిచి పారిపోయి రాజీనామా చేశారు. పార్లమెంటు 134 ఓట్లతో రణిల్ విక్రమసింఘేను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. దాదాపు 70 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం ఆయన హయాంలోనే దిగొచ్చింది. అయినా 2024 సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికల్లో ఆయన మూడో స్థానంలో నిలిచారు.

కారణం: జనం నేరుగా ఎన్నుకోని అధ్యక్షుడు పన్నులు పెంచారు. పైగా నిధుల్లేవంటూ 2023 మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలు వాయిదా పడ్డాయి. అది ప్రాథమిక హక్కుల ఉల్లంఘనేనని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన అనుర కుమార దిసనాయకెకు 2019లో వచ్చింది 3 శాతం ఓట్లు. ఆయన కూటమి నవంబరు 2024 పార్లమెంటు ఎన్నికల్లో 225 సీట్లకు 159 గెలిచింది, అంతకుముందు సభలో దాని బలం 3.

దిసనాయకె ప్రభుత్వం కూడా ఐఎంఎఫ్ కార్యక్రమాన్నే కొనసాగించింది. ఇతర దేశాలకు తీర్చాల్సిన అప్పుల్లో వడ్డీ కాకుండా అసలు మొత్తం చెల్లింపులు 2028కి వాయిదా పడ్డాయి. అందాకా డాలర్ నిల్వలు ఎంత పెరుగుతాయి, పన్నుల భారంలో సంపన్నుల వాటా ఎంత అనేవే గమనించాల్సిన రెండు అంకెలు.