ఒపెరా పాత్రకు పాతకాలపు డ్రెస్ చేత్తో కుట్టడం ఎలా?

ఒపెరా డ్రెస్ అనగానే పట్టు, లేసు, నేల మీద జీరాడే గౌను గుర్తొస్తాయి గానీ, మొదటిసారి కుట్టేవాళ్లకు నేను చెప్పేది స్వరకర్త మోజార్ట్ ఒపెరా 'ఫిగరో పెళ్లి'లోని సుజానాను ఎంచుకోమని. 1786 మే 1న వియన్నాలో తొలిసారి ఆడిన ఈ ఒపెరాలో ఆమె ఒక దొరసాని దగ్గర పనిచేసే పిల్ల. తెర లేవగానే పెళ్లి కోసం తానే చేసుకున్న పూల టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉంటుంది. చేతికుట్టుకు ఇంతకంటే తగిన పాత్ర నాకు తెలియదు.

ముందు కథ చదివి, ఆమె ఎక్కడ కూర్చుంటుందో, ఎక్కడ వంగుతుందో, ఎక్కడ పరుగెడుతుందో రాసుకోండి. నాలుగో అంకంలో చీకటి తోటలో ఆమె, దొరసాని బట్టలు మార్చుకుంటారు కాబట్టి ఆ రెండు డ్రెస్సుల గురించీ కలిపే ఆలోచించాలి.

తర్వాత ఆకారం. 1780ల్లో పనిపిల్లకు తుంటి దాకా ఒంటికి అతుక్కున్న జాకెట్టు, చీలమండ పైదాకా కుచ్చుల లంగా, మెడ చుట్టూ తెల్ల రుమాలు, ముందు ఏప్రన్ సరిపోతాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలు అప్పటి బట్టల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టాయి. వాటిలో వీపు భాగాన్ని బాగా చూడండి: భుజం కుట్టు వెనక్కి జరిగి ఉంటుంది, వీపు ముక్కలు నడుము దగ్గరకొచ్చేసరికి సన్నబడతాయి. ఆ కోత కుదిరితే ఆ కాలం వచ్చేస్తుంది, కుదరకపోతే ఎంత లేసు కుట్టినా రాదు.

ఇక కొలతలు, అసలు పని ఇక్కడే ఉంది. మామూలు బ్లౌజుకు తీసినట్టు తీస్తే పాడేటప్పుడు ఊపిరి ఆడదు. మైకు లేకుండా, వాద్యబృందాన్ని దాటుకుని గొంతు చివరి వరుస దాకా వెళ్లాలంటే కింది పక్కటెముకలు పక్కలకూ వెనక్కూ బాగా విచ్చుకోవాలి. అందుకని ఛాతీ, ఛాతీ కింద, నడుము, ఈ మూడూ రెండేసి సార్లు కొలవండి: ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు ఒకసారి, నిండా పీల్చి పొడుగాటి చరణం ఎత్తుకోబోయేటప్పుడు ఇంకోసారి. కుట్టాల్సింది రెండో కొలతకే. చరిత్రకూ ఊపిరికీ పొత్తు కుదరనప్పుడు ఊపిరి వైపే ఉండండి.

అప్పటి ఆడవాళ్లు జాకెట్టు లోపల తిమింగలం నోట్లోంచి తీసిన బద్దలు పెట్టి కుట్టిన గట్టి కార్సెట్ వేసుకునేవాళ్లు. మనకు హార్డ్‌వేర్ షాపులో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు (వైర్లను కట్టే ప్లాస్టిక్ పట్టీలు) చాలు. రెండు పొరల గట్టి కాటన్ మధ్య సన్నటి గొట్టాల్లా కుట్టి అందులోకి దూర్చండి, చివరలు మాత్రం నున్నగా అరగదీయాలి, లేకపోతే గుచ్చుకుంటాయి. పక్కటెముకల దగ్గర పక్కలకు బద్దలు పెట్టకండి. వెనక తాడుతో బిగించేటప్పుడు రెండు అంచుల మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి, పాడే మనిషి మారినా అదే పనికొస్తుంది. దీనికింద ఒంటికి తగిలేలా పల్చటి కాటన్ షిఫ్ట్ (వదులుగా ఉండే లోపలి గౌను) ఒకటి వేయండి, చెమటంతా అది పీల్చుకుంటుంది, రోజూ ఉతికేది అదొక్కటే.

జాకెట్టు బట్టకు మన మచిలీపట్నం కలంకారీ తీసుకోవచ్చు, ఇందులో బలవంతపు కలయిక ఏమీ లేదు. మచిలీపట్నం ఉన్న ఈ కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పూల అద్దకం బట్టల మీద యూరప్ ఎంత మోజు పడిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు, ఇంగ్లండ్ 1721లో పెట్టిన నిషేధం 1774 దాకా నడిచింది. సుజానా కాలానికి ఆ అడ్డంకులు పోయాయి. తెలుపు లేదా మీగడ రంగు నేల మీద పూలతీగలు పారే డిజైన్ వెతకండి, ఏనుగులూ బొమ్మలూ వద్దు. పువ్వు అరచేతి అంత ఉంటేనే దూరానికి ఆనుతుంది. కొనేముందు షాపు అవతలి చివర నిలబడి చూడండి. కోసే ముందు ఉప్పునీళ్లలో నానబెట్టి ఉతికేస్తే రంగు దిగేదేదో, కుంచించుకుపోయేదేదో అప్పుడే తెలిసిపోతుంది.

ముందుగా గాడా గుడ్డతో ట్రయల్ జాకెట్టు కుట్టి సరిచేసుకుని, ఆ ముక్కలనే నమూనాగా వాడండి. లోపలి గట్టి కుట్లు మిషన్ మీద వేసినా తప్పు లేదు, బయటికి కనబడేవి మాత్రం చేత్తోనే. కుట్టు పక్కన అంగుళంన్నర బట్ట వదలండి. లంగాను ముందు ఒకటి, వెనక ఒకటిగా రెండు ముక్కలు చేసి నాడాలతో కట్టేలా కుట్టండి, అప్పట్లోనూ అంతే, ఏ నడుముకైనా పడుతుంది. మార్చుకునే చోట పెద్ద హుక్కులే మేలు. వెల్క్రో చప్పుడు హాల్లో వినిపిస్తుంది.

టోపీ చెవులు కప్పకూడదు, వాద్యాలు వినపడాలి. అంచు నీడ ముఖం మీద పడకూడదు, వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ కనబడాలి.

చివరి కుట్లు వేసే ముందు అంతా కచ్చా కుట్టు మీదే ఉంచి, స్టేజీ లైట్ల కింద నాలుగో అంకంలోని సుజానా పాటను మొదటి నుంచి చివరి దాకా పాడించండి. బట్ట లాగిన ప్రతిచోటా సుద్దతో గీత పెట్టి, అక్కడ విప్పి వదులు చేసి, అప్పుడు గట్టి కుట్టు వేయండి.