టచ్‌స్క్రీన్ ప్యానెల్‌ను ఎంత వాల్చి బిగించవచ్చు?

యంత్రాన్ని నడిపే విద్యుత్ పరికరాల పెట్టె (క్యాబినెట్) తలుపుకు బిగించే, ఫ్యాన్ లేని టచ్‌స్క్రీన్ ప్యానెల్ చల్లబడేది వెనకవైపు గాలి కింది నుంచి పైకి కదలడం వల్లే. నిటారుగా బిగిస్తే ఆ గాలికి అడ్డుండదు. ఆపరేటర్‌కు వీలుగా వెనక్కి వాల్చితే వేడిగాలి ప్యానెల్ వీపు కిందే నిలిచిపోతుంది. అందుకే నిటారుగా 50 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునే ప్యానెల్‌కు, వాల్చినప్పుడు 40 డిగ్రీలే పరిమితి అని మాన్యువల్‌లో ఉండవచ్చు. వాలు కూడా నిలువు నుంచి 35 డిగ్రీలకు మించకూడదంటారు. మీ మోడల్ అంకెలు చూసుకున్నాకే కటౌట్ (ప్యానెల్ కూర్చునే రంధ్రం) కోయండి.

ఆ ఉష్ణోగ్రత గదిది కాదు, క్యాబినెట్ లోపలిది. తేడా ఎక్కడొస్తుందో లెక్క వేసి చూడండి. పెయింట్ వేసిన స్టీలు క్యాబినెట్ చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 5.5 వాట్ల వేడిని బయటికి వదులుతుంది. లోపల డ్రైవ్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), పవర్ సప్లై, ప్యానెల్ కలిపి 120 వాట్ల వేడి పుడుతోంది, గోడకు ఆనిన వైపు వదిలేస్తే 1.5 చదరపు మీటర్ల ఉపరితలం ఉంది అనుకుందాం. 120 ÷ (5.5 × 1.5) అంటే బయటికంటే లోపల దాదాపు 14.5 డిగ్రీలు ఎక్కువ. బయట 35 ఉంటే లోపల సగటున 49.5, పైభాగంలో ఇంకా ఎక్కువ. నిటారుగానే అంచున ఉన్న ఈ ప్యానెల్‌ను వాల్చడం కుదరదు. ముందు డ్రైవ్‌ను వేరే క్యాబినెట్‌కు మార్చండి, లేదా బయటి గాలిని వడకట్టి లోపలికి పంపే ఫిల్టర్ ఫ్యాన్ పెట్టండి. లోపల గాలిని తిప్పే ఫ్యాన్ ఒక్కటే పెడితే వేడి ఒకేచోట పోగుపడదు గానీ బయటికీ పోదు.

బిగించేటప్పుడు ప్యానెల్‌కు పైనా కిందా కనీసం 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. మాన్యువల్ ఎక్కువ అడిగితే అదే పాటించాలి. ప్యానెల్ నెత్తిమీదే వైర్ డక్ట్ (వైర్లు పోయే గొట్టం) వేయడం తరచూ జరిగే తప్పు. కటౌట్ అంచుల్లో గరుకు మిగిలితే నీళ్లు చొరబడకుండా ఆపే రబ్బరు పట్టీ (గ్యాస్కెట్) తెగుతుంది, ఆకురాయితో నున్నగా చేయండి. క్లాంపులను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే) బిగించండి. మరీ బిగిస్తే ఫ్రేమ్ వంగి నీళ్లు లోపలికి చేరతాయి.

తలుపు మూసి, పూర్తి లోడ్ మీద నడిపి, ప్యానెల్ కింది అంచు వెనక, గాలి లోపలికి వచ్చేచోట సెన్సర్ పెట్టండి. రీడింగ్ నిలకడగా ఉండేదాకా ఆగాలి, రెండు మూడు గంటలు పట్టవచ్చు. పరిమితికి కనీసం 5 డిగ్రీలు తక్కువ ఉంటేనే సరే అనుకోండి: ప్యానెల్ లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల (విద్యుత్తును నిల్వ చేసే భాగాల) ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సుమారు సగమవుతుంది. క్యాబినెట్ ఏసీ ఉంటే దాని చల్లగాలి నేరుగా ప్యానెల్ వీపుకు తగలనివ్వకండి, తేమ బోర్డు మీద నీటిబొట్లుగా పేరుకుంటుంది.