కడప బండ, పసుపు, ఎండ: ఇంట్లో ఉన్నవాటితో మిక్స్‌డ్ మీడియా బొమ్మ చేయడం ఎలా?

మా వంటింటి గట్టు కడప బండ. పొయ్యికి ఎడమ పక్కన, గోడకు జానెడు దూరంలో, అరచేతిలో సగం ఉండే తెల్లటి మచ్చ ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి దాని మీద గిన్నెలు పెట్టాను, తీశాను, తుడిచాను. చూసింది మాత్రం లేదు. ఒకరోజు పొద్దున కిటికీలోంచి వాలుగా పడిన ఎండ ఆ మచ్చ అంచును తాకింది. అప్పుడది మచ్చలా లేదు, నీళ్ళు ఇంకిపోతున్న చెరువు పటంలా ఉంది. అమ్మను అడిగితే, "నిమ్మకాయలు కోసి పెట్టిన చోటమ్మా అది. నువ్వు నాలుగో తరగతి చదివేటప్పటిది. ఎంత తోమినా పోలేదు" అంది.

పోదు కూడా. కడప బండ సున్నపురాయి జాతి. నిమ్మరసంలోని పులుపు రాతి పైపొరను తినేస్తుంది, నున్నదనం పోయి తెల్లబారుతుంది. అంటే ఆ గట్టు మీద మా ఇంటి ఊరగాయ చరిత్ర చెక్కి ఉంది. ఫోటోను, రుద్ది తీసిన అచ్చును, దొరికిన ముక్కలను ఒకే అట్ట మీద కలిపి కూర్చేదాన్నే మిక్స్‌డ్ మీడియా బొమ్మ అంటారు. నా మొదటి బొమ్మ ఆ మచ్చతోనే చేశాను. ఎలా చేశానో వరుసగా చెబుతాను. ఖరీదైన కెమెరా అవసరం లేదు, రంగుల పెట్టె కూడా అవసరం లేదు. అంగట్లో దొరికే ఒకటి రెండు సరుకులకు తోడు ఫోను, పసుపు, కాగితం, ఎండ ఉంటే చాలు. ఈ చివరిది మన కడపలో ఎవరినీ అడగకుండానే దొరుకుతుంది.

1. ఒక్క వస్తువును ఎంచుకోండి, వారం రోజులు దాన్నే చూడండి

ఫోటోలు అనగానే అందరం గండికోట దారి పడతాం. తప్పకుండా వెళ్ళండి, పెన్నా కోసుకుపోయిన ఆ లోయను చూడాల్సిందే. కానీ అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరి ఫోనులోనూ దాదాపు అదే ఫోటో ఉంటుంది. మీ వంటింటి గట్టు ఫోటో ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఎంచుకునే వస్తువుకు ఒకటే షరతు. రోజూ దాని కోసం ప్రత్యేకంగా వెళ్ళకుండానే అది మీ కంటబడాలి. వాకిట్లో అరిగిన మెట్టు, వాడకం మానేసిన రుబ్బురోలు, తలుపు గొళ్ళెం, బిందె అడుగున సొట్టలు, మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు, ఏదైనా సరే. అందంగా ఉండాల్సిన పని లేదు. చెయ్యి తగిలి తగిలి అరిగినది అయితే మరీ మంచిది.

రెండోరోజుకు విసుగు వస్తుంది. మూడోరోజు ఇక చూడటానికేమీ లేదనిపిస్తుంది. అక్కడ ఆపకండి. నాకు ఆ మచ్చ పక్కన సన్నటి కత్తిగాట్లు, ఒకే దిక్కుకు వాలి ఉన్నవి, అయిదోరోజున కనిపించాయి. అమ్మది కుడిచేతి వాటం.

2. మూడు వేళల్లో ఫోటో తీయండి

ముందు ఫోను కెమెరా అద్దాన్ని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. వంటింట్లో తిరిగే ఫోనుకు నూనె వేలిముద్రలు ఉండకుండా ఉండవు, ఫోటో మసకబారడానికి సగం కారణం అదే.

ఉదయం ఏడు, ఏడున్నర మధ్య ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఎండ వాలినప్పుడు ఒకసారి తీయండి. నెత్తిమీది ఎండలో గరుకుదనమంతా చదునైపోతుంది. వాలు ఎండలో ప్రతి గీతకూ ఒక నీడ పుడుతుంది, రాయి ముడతలు లేచి కూర్చుంటాయి. మీ వస్తువు ఎండ తగలని మూల ఉంటే రాత్రి లైటు తీసేసి, మరో ఫోను టార్చిని బండకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. అదే ఫలితం వస్తుంది.

నల్ల బండను తీసేటప్పుడు ఒక చిక్కుంది. కెమెరాకు ఎదురుగా ఉన్నది నల్లటిదని తెలియదు, వెలుతురు తక్కువైందనుకుని ఫోటోను తెల్లబరుస్తుంది. బండ బూడిదరంగులోకి మారుతుంది. తెర మీద బండ ఉన్నచోట వేలితో నొక్కి పట్టుకోండి, చాలా ఫోన్లలో పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి జరిపితే నలుపు తిరిగి నలుపవుతుంది. తెల్లటి ముగ్గు తెర నిండా ఉంటే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేయాలి. ఇంకో సంగతి. పొడిబండకూ తడిబండకూ పోలికే ఉండదు. చెంబెడు నీళ్ళు పోసి మళ్ళీ తీయండి, ఎన్నడూ చూడని రంగు బయటికి వస్తుంది.

జూమ్ వాడకండి, దగ్గరికి వెళ్ళండి. రోజుకు పది ఫోటోలు తీసి, రాత్రికి ఒక్కటి ఉంచుకుని తొమ్మిది తీసేయండి. ఏది ఉంచాలో తేల్చుకునేటప్పుడే మీ కన్ను దేనికి ఆగుతోందో మీకు తెలుస్తుంది. ఈ సాధన అంతటిలోకీ నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆ అయిదు నిమిషాలకే.

వస్తువు దగ్గర మనుషులుంటే, ముఖ్యంగా బండలు కోసే చోట పనివాళ్ళు ఉంటే, అడిగి తీయండి. వద్దంటే వద్దు.

3. చేత్తో తాకి అచ్చు తీయండి

ఫోటోలో రూపం దొరుకుతుంది, స్పర్శ దొరకదు. అందుకే పలుచని తెల్లకాగితాన్ని బండ మీద పరిచి, నాలుగు అంచులా టేపు అంటించి, మైనపు క్రేయాన్‌ను పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. పొయ్యి బొగ్గు దొరికితే ఇంకా బాగుంటుంది. రాతి గాట్లు, గుంటలు కాగితం మీదికి వచ్చేస్తాయి. చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో ఫ్రాన్స్ తీరంలోని ఒక సత్రంలో అరిగిపోయిన చెక్కనేల మీద ఇలాగే రుద్ది, అందులోంచి అడవులను, పక్షులను బయటికి తీశాడు.

అంత దూరం కూడా పోనక్కరలేదు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనం, క్రీ.శ. 575 నాటిదని చెప్పే ఆ తొలి తెలుగు శాసనం, మన జిల్లాదే. శాసన పరిశోధకులు రాతి మీద తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దించి, పైన సిరా అద్ది అచ్చు తీస్తారు. మనం వంటింటి గట్టు మీద చేసేది దాని చెల్లెలు లాంటి పని. అయితే గుడి గోడలు, కోట రాళ్ళు, శాసనాల జోలికి మాత్రం క్రేయాన్‌తో వెళ్ళకండి. మీ ఇల్లు, మీ వాకిలి చాలు.

4. చిన్నచిన్న ముక్కలు కూడబెట్టండి

పాత పెళ్ళిపత్రిక కవరు ఒకటి తీసుకుని ఆ వారమంతా దొరికినవి అందులో వేయండి. బస్సు టికెట్, చీర అంచు దారం, ఉల్లిపొర, పెద్ద దర్గా నుంచి తెచ్చుకున్న గులాబీ రేకులు. పూరేకులను వార్తాపత్రిక మడతల్లో పెట్టి పైన బరువుంచి పదిరోజులు ఆరనివ్వండి, మొదటి మూడు రోజులూ కాగితం మార్చండి. బంతి రేకుల రంగు చాలావరకు నిలుస్తుంది, గులాబీ నల్లబడుతుంది. ఆ నలుపు కూడా వాడుకోదగ్గదే.

నాకు తరువాతి మెట్టు ఈ కవరులోనే దొరికింది. ఒక ఉదయం కారం దోసె కట్టించుకొచ్చిన కాగితం నూనె పీల్చుకోవడంతో, దాని వెనకున్న నా వేళ్ళు కనిపించాయి. నూనె తాగిన కాగితం గుండా వెలుతురు పోతుంది. ఫోటో అచ్చు వేసిన కాగితానికి నూనె రాస్తే?

5. పసుపుతో, ఎండతో ఫోటో అచ్చు వేయండి

పసుపు రంగు ఎండకు వెలిసిపోతుందని బట్టలుతికే ప్రతి ఇంటికీ తెలుసు. పసుపులో సున్నం పడితే ఎర్రబారుతుందని పారాణి కలిపే ప్రతి చేతికీ తెలుసు. ఈ రెండూ కలిస్తే ఫోటో అవుతుంది. మొక్కల రంగుల మీద ఎండ చేసే పనిని జాన్ హెర్షెల్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1842లోనే పరిశీలించి ప్రచురించాడు. మైదుకూరు పసుపు పండే జిల్లాలో మనకు సరుకుకు లోటు లేదు.

ముందు మీ ఏడు ఫోటోల్లోంచి నలుపు తెలుపులు కొట్టొచ్చినట్టున్న దాన్ని ఎంచుకుని, ఫోనులోనే నలుపు తెలుపులోకి మార్చి, కాంట్రాస్టు బాగా పెంచండి. జిరాక్స్ షాపులో మామూలు కాగితం మీద లేజర్ ప్రింట్ తీయించండి. ఇంక్‌జెట్ వద్దు, తడి తగిలితే కారుతుంది. ఆ కాగితం వెనక వైపు వంటనూనె పలుచగా రాసి, పది నిమిషాలాగి, వార్తాపత్రికల మధ్య పెట్టి జిడ్డంతా అద్దేయండి.

ఒక చిన్న చెంచా మంచి పసుపును 30 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో కలపండి. మందుల షాపులో దొరుకుతుంది. ఇది మంట అంటుకునే సరుకు, కాబట్టి వంటింట్లో కాకుండా గాలి ఆడే చోట కలపండి. పది నిమిషాలకు గసి అడుక్కి దిగుతుంది. పైన తేరిన బంగారు రంగు నీటిని మందపాటి డ్రాయింగ్ కాగితం మీద వెడల్పు బ్రష్షుతో పూయండి. ఆరాక మరోసారి పూయండి. ఆరబెట్టేది ఎండ రాని గదిలోనే.

ఇప్పుడు అట్ట, దాని మీద పసుపు కాగితం, దాని మీద జిడ్డు అంటకుండా పలుచని పారదర్శక ప్లాస్టిక్, ఆపైన నూనె కాగితం, అన్నిటికీ పైన పాత ఫోటో ఫ్రేము అద్దం. క్లిప్పులు పెట్టి మిద్దె మీద ఎండలో ఉంచండి. నల్ల సిరా కిందున్న పసుపు దాక్కుంటుంది, మిగతాది వెలిసిపోతుంది. ఎంతసేపు అన్నది ఎండను బట్టి ఉంటుంది. నూనె కాగితం బదులు వేపాకునో కరివేపాకునో నేరుగా పెడితే రెండు మూడు గంటల్లో తేడా తెలుస్తుంది. ఫోటోకు ఒక నిండు ఎండ రోజు పట్టవచ్చు. పసుపు కాగితం అంచు ఒకటి అద్దం కింద, ప్రింటుకు బయట ఉండేలా చూసుకోండి. ఆ అంచు మీగడ రంగుకు వచ్చాక తీసేయాలి. నేను మొదటిసారి రెండు రోజులు ఉంచాను. నల్ల భాగాల కింద పసుపు కూడా పాలిపోయి బొమ్మంతా ఒకే రంగయింది.

తీసిన కాగితం మీద బొమ్మ చాలా మసకగా ఉంటుంది, నిరాశపడకండి. పచారీ అంగట్లోనో నాటుమందుల అంగట్లోనో దొరికే వెలిగారాన్ని (బోరాక్స్) గ్లాసెడు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా కరిగించి, చేతులకు తొడుగులు వేసుకుని, ఆ నీళ్ళలో కాగితాన్ని ముంచండి. పిల్లలకు అందనివ్వకండి, ఆ పాత్రను మళ్ళీ వంటకు వాడకండి. ముంచిన క్షణంలో మిగిలిన పసుపు ఇటుక రంగులోకి తిరుగుతుంది. నా మచ్చ అంచు, అమ్మ కత్తిగాట్లు, ఒకదాని వెనక ఒకటి నీళ్ళ కిందనుంచి లేచి రావడం చూస్తూ నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. సున్నపు తేటతోనూ ఎరుపు వస్తుంది కానీ ఆరాక వెనక్కి పోతుంది. వెలిగారంతో వచ్చిన రంగే నిలుస్తుంది. మంచినీళ్ళలో ఒకసారి ముంచి తీసి నీడలో ఆరేయండి.

6. కలిపి కూర్చండి

పెళ్ళిపత్రిక అట్టను ఆధారంగా పెట్టుకోండి. మొదట రుద్దిన అచ్చు, దాని మీద పసుపు ఫోటో, ఆపైన కవరులోంచి ఒక్క ముక్క. మూడు పొరలు దాటనివ్వకండి, నాలుగోది పెట్టాలనిపించినప్పుడు ఒకటి తీసి చూడండి. అంటించే ముందు ఒక పూటంతా ఊరికే పరిచి ఉంచి, వస్తూ పోతూ జరుపుతుండండి. తెల్ల జిగురును కొద్దిగా నీళ్ళతో పలుచన చేసి అంచుల దాకా పూసి, పైన తెల్లకాగితం కప్పి, బండముక్క బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే ముడతలు రావు. పసుపు ఫోటోను మాత్రం జిగురుతో తడపకుండా నాలుగు మూలలా దారంతో కుట్టేయండి. నేను చీర అంచు దారం వాడాను. కత్తిగాట్లు వాలిన దిక్కుకే కుట్లు కూడా వాల్చాను.

7. వెనక రాసి, నీడలో దాచండి

పెన్సిల్‌తో వెనక వైపు వస్తువు, నెల, వేళ రాయండి. "వంటింటి గట్టు, నిమ్మ మచ్చ, మార్చి, పొద్దున ఏడున్నర" అన్నంత చాలు. పసుపు బొమ్మ వెలుతురులో మెల్లగా వెలిసిపోతూనే ఉంటుంది, కాబట్టి పూర్తయిన రోజే పగటి వెలుగులో ఒక ఫోటో తీసి పెట్టుకుని, అసలుదాన్ని పుస్తకంలోనో సొరుగులోనో ఉంచండి. నేను చేసిన రెండింటిలో ఒకటి సొరుగులో ఉంది. ఇంకొకటి అమ్మ అడిగిందని బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. ఆమె చీర కోసం తలుపు తీసినప్పుడల్లా దాని మీద కాస్త వెలుతురు పడుతుంది.