దేవగన్నేరు కొమ్మ కుళ్ళకుండా ఇలా వేరు పట్టింది

దేవగన్నేరు కొమ్మ ఎప్పుడు నాటినా మొదలు మెత్తబడి, నల్లగా కుళ్ళిపోయేది. వేర్లు రావడానికి పూసే హార్మోన్ పొడి, పసుపు, కుండీ మార్పు, ఏదీ పనిచేయలేదు.

ముందు రకం తేల్చుకున్నాను. ఆకు కొస గుండ్రంగా ఉంటే ప్లుమేరియా ఆబ్ట్యూసా, మొనదేలి ఉంటే రుబ్రా. నాది రుబ్రా.

వేసవి మొదట్లో, ముదిరి బూడిద రంగు తిరిగిన కొమ్మ కోసి, ఆకులు తీసేసి, కారే పాలు తుడిచాను (కంట్లో పడనివ్వకండి). తర్వాత నీడలో ఆరబెట్టాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది: కోసిన చోట గోరు దిగనంత గట్టిగా బెరడు కట్టేదాకా నాటలేదు. దీనికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అప్పుడు ఇసుక ఎక్కువున్న మట్టిలో పాతి, ఒక్కసారి తడిపి వదిలేశాను. చిగురు కనిపించగానే నీళ్ళు పోయకండి, అది కొమ్మలోని నిల్వతోనే వస్తుంది. ఆకులు పూర్తిగా విచ్చుకున్నాకే పోశాను.

ఆబ్ట్యూసా వేరు పట్టడం ఇంకా కష్టం. దానికీ, వానాకాలానికీ ఇదే పద్ధతి సరిపోతుందని హామీ ఇవ్వలేను.