రేసు మానేసిన గుర్రాన్ని మన తోటకి తెచ్చుకోవాలంటే

నెల్లూరు, కావలి చుట్టుపక్కల తోటలుండే కొంతమందికి గుర్రం మోజు పట్టింది, మలక్‌పేటలోనో బెంగళూరులోనో రేసు మానేసింది చవగ్గా వస్తందంటే చాలు లారీ మాట్లాడేస్తా ఉండారు. తెచ్చుకోండి, కానీ అది ఎట్టా పెరిగిందో తెలుసుకోని తెచ్చుకోండి.

పదకొండు నెలలు మోస్తది తల్లి. పిల్ల పుట్టిన గంట రెండు గంటల్లో లేచి ముర్రుపాలు తాగాల, ఆరో నెలకల్లా పాలు మాన్పిస్తారు. ఇండియాలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు లెక్క, ఏప్రిల్లో పుట్టినా జనవరి వచ్చిందంటే ఏడాది నిండినట్టే లెక్క. ఏడాదిన్నరకి జీను అలవాటు చేసి రెండేళ్ళకి ట్రాకెక్కిస్తారు, ఎముకలు పూర్తిగా ముదరకముందే అన్నమాట. ఐదారేళ్ళకి చాలావాటికి రేసు అయిపోద్ది, బతికేదేమో పాతికేళ్ళు, అంటే మీరు కొనేది ఇంకో ఇరవయ్యేళ్ళు మేపాల్సిన పడుచు గుర్రాన్ని.

కొనేటప్పుడు ముందుకాళ్ళ వెనకుండే లావు నరాన్ని (డాక్టర్లు టెండన్ అంటారు) మోకాలి కింద నుంచి వేళ్ళతో నొక్కుతా దిగండి. ఒక కాల్లో వేడో ఉబ్బో తగిలితే డాక్టర్ స్కానింగ్ చేసిందాకా డబ్బులియ్యొద్దు. మెడలో మైక్రోచిప్ నంబరు, పాస్‌పోర్ట్ పుస్తకంలో నంబరు కలవాల. గ్లాండర్స్ రక్తపరీక్ష తప్పనిసరి, అది మనుషులకీ అంటే జబ్బు.

ఇంక మేత, మనోళ్ళు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. ట్రాక్ మీద దానికి ఓట్స్ దండిగా పెడతారు, పని లేకుండా అదే దాణా పెడితే కొవ్వెక్కి ఎగురుద్ది, అట్టాగని ఒక్కసారే మార్చినా కడుపునొప్పి వస్తది, గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి అది ప్రాణం మీదికి వచ్చే నొప్పి, అందుకే రెండు మూడు వారాల మీద మెల్లగా తగ్గించండి. గరిక గడ్డి, లూసర్న్ మంచివి. నానబెట్టిన ఉలవలు కొద్దిగా పెట్టొచ్చు. బర్రెల కోసం వేసుకున్న సూపర్ నేపియర్ ఉంది కదా అని అదే కోసి వేస్తా పోవద్దు, దాంట్లో ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనియ్యదు, నెలల తరబడి అదే మేస్తే మొహం ఎముకలు ఉబ్బుతాయి. పచ్చి జొన్న మేతా వద్దు. అన్నిటికంటే ముఖ్యం, కోళ్ళ మేత, పశువుల దాణా నోటికి అందనియ్యొద్దు, కొన్నిట్లో మోనెన్సిన్ కలుపుతారు, కోడికి మందే గానీ గుర్రానికి గుండె దెబ్బతిని చచ్చిపోద్ది. దాణా బస్తాలు వేరే గదిలో పెట్టి తాళం వెయ్యండి, నేనైతే తాళంచెవి కూడా పనోడికియ్యను.

మొదటి రెండు మూడు నెలలు ఎక్కొద్దు. లాడాలు తీయించి, డెక్కలు చెక్కించి, పక్కన తోడుకి ఒక మేకనో బర్రెనో కట్టి వదిలేయండి, ఒంటరిగా ఉంటే గోడలు కొరుకుద్ది. వానలు పడ్డాక పెన్నా పక్క జోరీగలు ఎక్కువ, వాటి వల్ల సర్రా అనే రక్తంలో చేరే జబ్బు వస్తది, జ్వరం వచ్చి పోతా ఉన్నా, పొట్ట కింద వాపు కనిపించినా రక్తం తీయించండి.

తర్వాత మళ్ళీ ఒకటో తరగతి నుంచి మొదలు. కళ్ళెం గట్టిగా లాగితే ఆగుద్దనుకుంటాం, రేసు గుర్రమేమో దాని మీద బరువేసి ఇంకా ఉరుకుద్ది, అట్టానే నేర్పుంటారు. మనిషి ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడటం కూడా చాలావాటికి తెలవదు, జాకీని కింద నుంచి ఎత్తి పైకేస్తారు కదా. కాబట్టి కొన్నాళ్ళు కింద నుంచే పొడుగు తాడుతో తిప్పండి, ఆగు అంటే ఆగేదాకా పైకెక్కే పని పెట్టుకోవద్దు. మైపాడు బీచ్‌లో తోలాలనుంటే నీళ్ళంచున తడిసి గట్టిపడిన ఇసక మీద నడిపించండి, పొడి ఇసకలో కాలు దిగబడితే పాత నరం దెబ్బ మళ్ళీ లేస్తది. రోహిణి కార్తెలో పొద్దు పొడవకముందే పని ముగించేయండి.

బాగా కుదిరినాక పిల్లలకి రైడింగ్ నేర్పడానికో, పొద్దున్నే పొలం చుట్టు తిరగడానికో వాడుకోవచ్చు. పెళ్ళి ఊరేగింపుకి అడిగేవాళ్ళు మాత్రం తప్పకుండా వస్తారు, మంచి డబ్బే ఇస్తామంటారు. డీజే, టపాకాయలు, మధ్యలో ఈ గుర్రం, దాని మీద పెళ్ళికొడుకు, నేనైతే ఒప్పుకోను.